గీతలు పడ్డ గిటారు

మా ఇంట్లో ఏ వస్తువుకూ అసలు ధర ఉండదు. మా అమ్మ పోశమ్మ చీర కొంటే నాయినకు సగం ధరే చెబుతుంది. నాయిన అమ్మకు పట్టీలు తెస్తే, దుకాణం వాడు తెలిసినవాడేననీ ఊరికే ఇచ్చినట్టే ఇచ్చాడనీ చెబుతాడు. ఎవరూ నమ్మరు, ఎవరూ తిరిగి అడగరు. సంగారెడ్డిలో మా రెండు గదుల ఇల్లు ఇంతకాలం గొడవల్లేకుండా నడిచింది ఈ మర్యాద వల్లేనని నా నమ్మకం. అందుకే మొన్నటి వానాకాలంలో గిటారు ధర తగ్గించి చెప్పినప్పుడు, అబద్ధమాడుతున్నానని నాకు తోచనే లేదు.

నేను పటాన్‌చెరు అవతల ఒక మందుల కంపెనీలో, మాత్రల నాణ్యత చూసే ల్యాబులో పనిచేస్తాను. మా నాయిన సంగప్ప పెళ్లి కాకముందు నుంచీ ఆ దారిలోనే ఉన్న భీమశంకరం సేటు షెడ్డులో లారీలకూ ట్రాక్టర్ ట్రాలీలకూ రంగు కొట్టాడు. మూతికి రుమాలు కట్టుకుంటే చాలనుకునే కాలం మనిషి. ఉగాది తర్వాత ఒకరోజు ఊపిరాడక షెడ్డులోనే కూలబడ్డాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక రంగు కొట్టడం కాదు, ఆ వాసన ఉన్న చోట నిలబడటం కూడా వద్దని గట్టిగా చెప్పాడు. నాయిన ఇంటిపట్టున కూర్చున్నాడు. అలా కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. మా గేటు తుప్పును గోటితో గీకేవాడు. వీధిలో ఎవరి కారు ఆగినా దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, ఏ డోరుకు మళ్లీ రంగు పడిందో అమ్మకు వివరంగా చెప్పేవాడు. అమ్మ వింటున్నట్టే తలూపి తన పని తాను చేసుకునేది.

మా ల్యాబులో పనిచేసే మధుబాబు అన్న కీబోర్డు వాయిస్తాడు. ఆయనా, పాడేవాళ్లు ఇద్దరూ కలిసి వెలిమెల వైపు లేచిన కొత్త అపార్టుమెంట్లలో పండుగలకూ పుట్టినరోజులకూ పాత సినిమా పాటలు వాయిస్తుంటారు. కాలేజీలో నేర్చుకున్న గిటారు నాకు కాస్త వచ్చని తెలిసి నన్నూ రమ్మన్నాడు. నా దగ్గరున్నది మామూలు చెక్క గిటారు. ఆ పెద్ద స్పీకర్ల మధ్య దాని గొంతు పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినబడదు. ఎలక్ట్రిక్ గిటారు కావాలి, అదీ పాత పాటలకు అతికే గొంతున్నది కావాలి. దసరా రాత్రి వెలిమెలలో ప్రోగ్రాం ఒప్పుకున్నారు కాబట్టి ఆలోగానే కొనాలి.

ఆషాఢమంతా కంపెనీ బస్సులో వీడియోలు చూడటమే నా పని. వెనకటి కాలపు గిటార్లు అసలువి మనలాంటివాళ్లు ముట్టుకోలేరు. ఆ నమూనాలనే ఇప్పుడు అగ్గువకు తయారుచేసి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. పైకి అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి, తేడా చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. ఒకదాని మెడ లావు, నా చిన్న చేతికి చుట్టూ పట్టదు. ఇంకొకదానికి తీగలు బిగించే చెవులు నాసిరకం, ఒక పాట అయ్యేలోపు శ్రుతి జారుతుంది. తీగల కింద పికప్పులని చిన్న అయస్కాంతాలుంటాయి, గొంతంతా వాటిలోనే ఉంటుంది. కొన్నిటి గొంతు సన్నగా, స్పష్టంగా ఉంటుంది. కొన్ని జలుబు చేసినట్టు పలుకుతాయి. ఆదివారాలు మధుబాబు అన్నతో ఆబిడ్స్ దుకాణాలన్నీ తిరిగి, షాపువాళ్లు నన్ను చూడగానే మొహం తిప్పుకునేదాకా వాయించి, చివరికి రెండింటి దగ్గర ఆగాను.

ఒకటి ఎర్రది. కొత్త పెళ్లికూతురిలా తళతళలాడుతుంది. రెండోది లేత ఆకుపచ్చది, కొత్తదే అయినా కావాలని పాతబడేలా చేసింది. అంచుల్లో రంగు రాలగొట్టి, ముంజేయి ఆనే చోట చెక్క బయటపడేలా గీకి, ఇనుప సామానంతా మసకబరిచి కంపెనీవాళ్లే పంపుతారు. ఎవరో ఊరూరా తిరిగి ఏళ్లకేళ్లు వాయించినట్టు కనబడాలని. ఆ గీకుడు పనికి ధర ఎక్కువ. లోపలి సరుకు దాదాపు ఒకటేనని మధుబాబు అన్న నిజాయితీగానే చెప్పాడు. కళ్లు మూసుకుని రెండూ వాయించాను. ఆకుపచ్చది ఒక పిసరు మెత్తగా పలికినట్టు అనిపించింది. నిజంగానే పలికిందో, దాని మీద మనసు పడ్డాను కాబట్టి పలికిందో ఇప్పటికీ చెప్పలేను.

ఒక సాయంత్రం నాయినకు ఫోనులో రెండూ చూపించాను. ఎర్రదాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీని ఫినిషింగ్ సూడు బిడ్డా, అద్దం లెక్కున్నది. ఎవడు కొట్టిండో గాని పనోడు," అన్నాడు. ఆకుపచ్చదాన్ని చూసి, "గిది ఎవడో కింద పడేసిండు," అని పక్కకు జరిపేశాడు.

నేను నవ్వాను. అది అలాగే తయారవుతుందని అప్పుడే చెప్పి ఉండవచ్చు. పని మానేశాక ఆయన అంత సంబరంగా ఒక రంగు గురించి మాట్లాడటం అదే మొదలు. మధ్యలో ఆపబుద్ధి కాలేదు.

శ్రావణంలో ఒక శనివారం ఆకుపచ్చదాన్నే కొన్నాను. ఓవర్‌టైం డబ్బు ఇంట్లో చెప్పకుండా దాచుకున్నది, మొత్తం దానికే పోయింది. ఇంటికి తెచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎంత పడిందని అడిగింది. అసలు ధరలో మూడో వంతు చెప్పాను. దానికే ఆమె ముక్కున వేలేసుకుంది. నాయిన గిటారును ఒళ్లో పెట్టుకుని, రంగు పోయిన ప్రతి చోటా బొటనవేలితో తడుముతూ పోయాడు.

"ఎర్రది రాలేదా బిడ్డా, నీకాడున్న పైసలకు?" అని అడిగాడు.

"ఏడొస్తది నాయినా. ఇది సెకండ్ హ్యాండు. నాకాడున్న పైసలకు గిదే దొరికింది," అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. అది నేను చూశాను, చూడలేదని చెప్పలేను. కానీ ఏమని చెప్పను? మందు తొందరగా అయిపోతుందని ఇన్‌హేలర్ ఒక పూట పీల్చి ఒక పూట మానేసే మనిషి ఆయన. ఎర్రదానికంటే ఇది ప్రియమనీ, ఆ ఎక్కువ పెట్టింది ఈ గీతల కోసమేననీ ఆయన మొహం మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు. చిన్న అబద్ధమే కదా అనుకుని చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను.

తర్వాత వారాలన్నీ వానలే. డ్యూటీ నుంచి వచ్చి నేను వాయిస్తుంటే నాయిన మంచం మీద కూర్చుని వినేవాడు. తన పెళ్లినాటి పాటలు అడిగేవాడు. వచ్చీరానట్టు వాయించినా మెచ్చుకునేవాడు. ఆయన చెవి పాట మీదే ఉన్నా చూపు మాత్రం ఎప్పుడూ గిటారు అంచుల మీదే ఉండేది. నేను దాన్ని పట్టించుకోలేదు. నా వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవడమే నాకు సరిపోయింది.

బతుకమ్మ దగ్గరపడుతుండగా ఒకరోజు, గిటారుకు కవరు లేకుండా వానలో బస్సులెక్కి తిరుగుతున్నానని నాయిన నా మీద నారాజయ్యాడు. పాత బస్టాండు దగ్గర బండ్ల సీటు కవర్లు కుట్టేవాడు తనకు తెలుసునని, కొలతలకు గిటారు వాడి దగ్గరే ఉండాలంటున్నాడని, కొన్నాళ్లు ఇమ్మని అడిగాడు. ప్రోగ్రాంకు ఇంకా టైముంది కాబట్టి ఇచ్చేశాను. ఆయనకు ఏదో ఒక పని దొరికిందని సంతోషించాను కూడా.

ఆ రోజుల్లో నాయిన పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లి, సాయంత్రానికి వచ్చి, చెప్పులు విప్పగానే స్నానానికి పోయేవాడు. కవరు కుట్టేవాడి దగ్గర ముచ్చట్లు పెట్టుకున్నానని చెప్పేవాడు. ఒకసారి దండెం మీది ఆయన చొక్కా తీస్తుంటే థిన్నర్ వాసన వచ్చింది. పొద్దంతా మందు సీసాల మధ్య పనిచేసే ముక్కు నాది, పొరపడదు. ఇదేం వాసనని అడిగితే, రెగ్జిన్ అతికించే గమ్ము వాసనని అన్నాడు. నమ్మాను. నమ్మితే ఇక ఏమీ అడగనక్కర్లేదు, అందుకని నమ్మాను.

సద్దుల బతుకమ్మకు ముందు ఆదివారం, నేను పూలు కోసి తెచ్చేసరికి మంచం మీద మెరూన్ రంగు కవరు ఉంది. కుట్లు చక్కగా ఉన్నాయి. అమ్మ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నాయిన కుర్చీలో కూర్చుని, విప్పి చూడమని చేత్తో సైగ చేశాడు. జిప్పు లాగాను.

గిటారు మీద ఒక్క గీత లేదు. అంచులన్నీ గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. చెక్క బయటపడిన చోటు ఎక్కడుండేదో వెతికినా దొరకలేదు. లేత ఆకుపచ్చ రంగు చెరువు నీళ్లలా నిగనిగలాడుతోంది, దాని మీద మా కిటికీ కనబడుతోంది.

నాయిన చెప్పుకుంటూ పోయాడు. తీగలు, ప్లేట్లు అన్నీ ఊడదీశాడట. ప్లేటు కింద అసలు రంగు దొరికితే దానికి సరిగ్గా కలిసే రంగు కలిపాడట. గుంటలకు లప్పం పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది నున్నగా తీసి, భీమశంకరం సేటు షెడ్డులో కోటింగు కొట్టాడు. వాన తేమకు రంగు మీద తెల్లటి మసక పట్టింది. మొత్తం గీకేసి మళ్లీ కొట్టాడు. మళ్లీ పట్టింది. ఈసారి తలుపులన్నీ మూసి, పెద్ద బల్బు పెట్టి, ఆరేదాకా పక్కనే కూర్చున్నాడు. ఇదంతా చెప్పడానికి ఆయన మాటమాటకూ ఆగాల్సి వచ్చింది.

"ఏడుండెనో గీత సూపియ్యి సూద్దాం," అన్నాడు చివరికి, నవ్వుతూ.

"మస్తున్నది నాయినా," అన్నాను. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడుస్తున్నాననుకుని ఆయన అమ్మ వైపు గర్వంగా చూశాడు. ముందు నాకు గుర్తొచ్చింది నా గిటారు, దాని మీద పెట్టిన నా డబ్బు. ఆయన ఛాతీలో గరగర నాకు ఆ తర్వాతే వినబడింది. అందుకు నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నా, ఆ వరుస మాత్రం మారదు.

సద్దుల పండుగనాడు నాయినను ఆస్పత్రిలో చేర్చాం. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. ఎవరు ఈయన్ని రంగు దగ్గరికి పోనిచ్చారని డాక్టరు మమ్మల్ని నిలబెట్టి అడిగాడు. అమ్మ తల వంచుకుంది, నేనూ తల వంచుకున్నాను. భీమశంకరం సేటు చూడటానికి వచ్చి, ఎంత వద్దన్నా వినలేదని, ఒక్క పని చేసుకుని పోతానని చేతులు పట్టుకున్నాడని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయన వెళ్లాక వరండాలో అమ్మ నా పక్కన కూర్చుంది.

"మీ నాయిన ఒక్కటే రంది పెట్టుకున్నడు," అంది. "నేను ఇంట్ల కూసునుడుతోనే గదా పోశమ్మా, పిల్ల గీకిపోయిన గిటారు కొనుక్కునె అని. నిద్ర కూడ పోలె."

అప్పుడైనా అమ్మకు నిజం చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. లోపల నాయిన దగ్గు వినబడి ఆమె లేచిపోయింది, నేను చెప్పకుండా ఉండిపోయాను. దసరా రాత్రి వెలిమెలలో నా బదులు వేరే అబ్బాయి వాయించాడు. నాయిన పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన ఛాతీ లేవడం, దిగడం చూస్తూ ఉన్నాను.

నాయినను ఇంటికి తెచ్చాక మధుబాబు అన్న పండ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. నాయిన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మాటల మధ్య ఆయనే గర్వంగా గిటారు తీసి చూపించమన్నాడు. నాకు వేరే దారి దొరకలేదు, తీశాను.

మధుబాబు అన్న దాన్ని ఇటూ అటూ తిప్పాడు. "గీతలేవి రవళీ? గా గీతలకే గదా అంత పెట్టినవ్. ఎర్రది అగ్గువకే వస్తుండె," అన్నాడు. నేను కళ్లతో వారించబోయాను, ఆయన నా వైపు చూడనే లేదు.

"ఎర్రది అగ్గువనా?" అని నాయిన మెల్లగా అడిగాడు.

పాపం మధుబాబు అన్నకు ఏమీ తెలియదు. కంపెనీలో గిటార్లను ఎలా గీకుతారో, రంగు ఎలా రాలగొడతారో, జనం దాన్ని ఎంత ఇష్టంగా కొంటారో నాయినకు ఓపిగ్గా వివరించాడు. నాయిన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకటి రెండు సందేహాలు కూడా అడిగాడు. గదిలో ఎటు చూడాలో తెలియక నేను పండ్ల కవరు ముడి విప్పుతూ కూర్చున్నాను.

ఆయన వెళ్లిపోయాక నాయిన తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని నాకు నిజంగా అనిపించింది. నాయిన నవ్వాడు.

"ఇన్నేండ్లు గీతలు మాయం జేసి బతికిన బిడ్డా. గీతలకు పైసలిస్తరని ఒక్కడన్న చెప్పలె," అన్నాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, చాలాసేపటికి గాని ఆగలేదు. అమ్మ వీపు రాస్తూ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ సాయంత్రం ఇద్దరి ముందూ కూర్చుని గిటారు అసలు ధర చెప్పాను. ఓవర్‌టైం డబ్బు సంగతీ చెప్పాను. సెకండ్ హ్యాండ్ అన్నది కూడా అబద్ధమేనన్నాను. చెబితే గుండె బరువు దిగుతుందంటారు, నాకు దిగలేదు. నాయిన తలూపి, నీ కష్టం నీది, మంచిదే కొన్నావని అన్నాడు. ఆ మంచిదాన్ని తనే పాడుచేశాననుకుంటున్నాడని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. నా తప్పు కూడా ఆయనే తీసుకున్నాడు. అది తిరిగి నా చేతికి ఎలా తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున నేను డ్యూటీకి తయారై వచ్చేసరికి నాయిన గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో గిటారు, పక్కన గిన్నెలో నీళ్లు, చేతిలో మడిచిన వాటర్ పేపర్.

"నీ ఫోన్ల ఫోటోలుంటయి గద," అన్నాడు. "కొన్న దినం తీసినవి. సూపియ్యి. ఏడేడ గీత ఉండెనో సూసి, మళ్ల గట్లనే గీకుత. జెరంత పని, పొద్దుమీకేసరికి అయిపోతది."

ఫోను నా చేతిలోనే ఉంది. అందులో ఆ గిటారు ఫోటోలు ముందు నుంచి, వెనక నుంచి, ప్రతి గీతా లెక్కపెట్టుకునేంత దగ్గరగా ఉన్నాయి. ఆయన అడిగిన పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. గీకుతుంటే రంగు పొడి లేస్తుంది, ఎంత నీళ్లు చల్లినా లేస్తుంది, అదంతా ఆయన ఊపిరిలోకే పోతుంది.

"ఫోటోలు లేవు నాయినా," అన్నాను. "తియ్యలే."

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత ఫోను వైపు చూశాడు. వాటర్ పేపర్‌ను పీట కింద పెట్టి, గిన్నెలో నీళ్లు వాకిట్లోకి పారబోశాడు.

"సరే తియ్. మరి గిప్పుడన్న ఒకటి తియ్యి," అన్నాడు. "ఇగ నేను రంగు కొట్టేది లేదు. ఆఖరుది గిదే."

చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. గిటారును నిలువుగా, తన పనితనమంతా కనబడేలా, రెండు చేతులతో ఎదురుగా పట్టుకున్నాడు. నేను ఫోను ఎత్తాను. ఫోటోలో దగ్గు రావద్దని ఆయన ఊపిరి బిగబట్టాడు. నా కళ్లల్లో నీళ్లు నిండి తెర మీద ఏమీ ఆనడం లేదు, ఎక్కడ నొక్కాలో తెలియడం లేదు. ఆయన మెడ నరాలు ఉబ్బుతున్నాయి. అయినా కదలకుండా నవ్వుతూనే ఉన్నాడు.

ఇంకా నొక్కకుండానే, "అయిపోయింది నాయినా, ఇగ ఊపిరి తీస్కో," అన్నాను.